నల్లచేప చావుకు కారణం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను కైకలూరు నుంచి విజయవాడకు బదిలీ చేశారు. మత్స్యశాఖలో అసిస్టెంట్ డైరెక్టరు హోదా. చేపల జబ్బులు పరీక్షించే ప్రయోగశాల నా బాధ్యత. పేరు ఘనంగా ఉన్నా అక్కడున్నవి రెండు గదులు, రెండు మైక్రోస్కోపులు, ఒక ఇంక్యుబేటరు, వానొస్తే కారే ఒక మూల. కొల్లేటి వైపు నుంచీ, దివిసీమ నుంచీ చెరువుల రైతులు జబ్బుపడ్డ రోహూ, కట్ల చేపల్ని నీళ్ల సంచుల్లో వేసుకుని బస్సుల్లో మోసుకొచ్చేవాళ్లు. ఎవరి చెరువు ముందు ఖాళీ అయ్యేలా ఉంటే వాళ్ల చేపను ముందు చూడటం మా పద్ధతి. ఆ పద్ధతిని ఎవరు తప్పించబోయినా నాకు ఒళ్లు మండేది.

నేను చేరిన కొద్ది రోజులకే తప్పించబోయినవాడు మా డిప్యూటీ డైరెక్టరు. మా శాఖలో అసిస్టెంట్ డైరెక్టరుకు పై మెట్టు అది. ఒక గురువారం ఉదయం ఫోన్ చేసి, "మేడం, వన్ టౌన్ నుంచి మనవాళ్లు ఒక శాంపిల్ పంపిస్తున్నారు, ముందు అది చూసేయండి," అన్నాడు. ఏ చెరువుదండీ అని అడిగాను. చెరువు కాదు, ఇంట్లో అక్వేరియం అన్నాడు. గుమ్మంలో కలిదిండి రైతు ఒకాయన అర ఎకరం చేప తేలిపోతోందని సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి ముందు ఆయన చేపనే చూశాను. ఆ తర్వాతే వన్ టౌన్ శాంపిల్ మూత తీశాను.

అది స్టీలు డబ్బా. లోపల ఐసు ముక్కలు, వాటి మీద కొత్త రవికె గుడ్డలో చుట్టిన నల్ల గోల్డ్‌ఫిష్. గుడ్డకు కుంకుమ అంటి ఉంది. తెచ్చింది శ్రీహరి అనే పాతికేళ్ల పైబడిన యువకుడు. తండ్రి వెంకటరత్నం గారికి వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. చచ్చిన చేప మాకు సగమే పనికొస్తుంది. ప్రాణం పోయిన కాసేపటికే మొప్పలు పాడవుతాయి, మీద కనిపించే క్రిమి చావుకు ముందు చేరిందో తర్వాత చేరిందో తేలదు. కొన ఊపిరితో ఉన్న చేప ఒకటి, అది ఈదిన నీళ్లు వేరే సీసాలో, ఈ రెండూ మాకు కావాలి. నీళ్లు లేకుండా చేపను తెచ్చి జబ్బు చెప్పమనడమంటే, మనిషిని తెచ్చి ఆయన పీల్చిన పొగ సంగతి దాచిపెట్టడమే. నీళ్లేవి అని శ్రీహరిని అడిగాను. నీళ్లెందుకండీ అన్నాడు.

సరే, అసలేం జరిగిందో చెప్పమన్నాను. వాళ్లింట్లో తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు ఉంటాయట. ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది. ఇంటి మీద పడే దిష్టినంతా ఆ నల్లది లాగేసుకుంటుందని వాస్తు చూసే సిద్ధాంతి గారు చెప్పి పెట్టించాడట. లెక్క తొమ్మిదికి తగ్గకూడదు. అందుకని ఏదైనా చస్తే ఆ పూటే గవర్నర్‌పేట వెళ్లి కొత్తది కొనుక్కొచ్చి వేసేస్తారు. మాఘమాసంలో శ్రీహరి పెళ్లయింది. అప్పట్నుంచీ చేపలు చస్తూనే ఉన్నాయి, వీళ్లు తెచ్చి వేస్తూనే ఉన్నారు. నల్లది చావడం ఇది మూడోసారి.

"మా ఆవిడ కాలు పెట్టిన దగ్గర్నుంచే మొదలైందని అమ్మ అంటోంది మేడం," అన్నాడు.

"మీరేమంటారు?"

"నేనేమంటానండీ. టైం చూస్తే కరెక్టే గదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఓర్చుకుని, ఆ అమ్మాయి ఏం చేస్తుందని అడిగాను. పేరు ప్రసన్న, హైస్కూల్లో లెక్కల టీచరు. ఇప్పుడామెను హాల్లోంచి నడవద్దన్నారట. నీడ అక్వేరియం మీద పడకుండా వెనక మెట్ల మీదుగా స్కూలుకెళ్లి, వెనక మెట్ల మీదుగానే ఇంట్లోకి వస్తోందట. ఇది చెప్పేటప్పుడు ఆ కుర్రవాడు కొంచెం తలదించుకున్నాడు. ఆ మాత్రమైనా చేశాడు.

మరి నన్నేం చెయ్యమంటారని అడిగాను. "జబ్బేదన్నా ఉంటే మందు రాయండి మేడం. లేకపోతే లేదని తేల్చి చెప్పండి చాలు. ముందు జబ్బు కాదని డాక్టర్ల చేత అనిపించుకోండి, అప్పుడు అమ్మాయిని పుట్టింటికి పంపి శాంతి చేయిద్దాం అన్నారు సిద్ధాంతి గారు." ఎన్నాళ్లు పంపుతారయ్యా అంటే, చేపలు కుదురుకునేదాకా అన్నాడు. అంటే నా మైక్రోస్కోపు కింద పెట్టింది చేపను కాదు, ఆ అమ్మాయి కాపురాన్ని.

ఇదేదో ఒక కులానికో మతానికో పుట్టిన జాడ్యమని నేననను. నేను గుణదలలో పుట్టి పెరిగినదాన్ని, మేరీమాత కొండ మా పెరటిలోంచి కనిపిస్తుంది. మా వీధిలోనే ఒకావిడ ప్రార్థన చేయించి తెచ్చిన నూనె అక్వేరియంలో పోసి, నీటి మీద తెట్టు కట్టించి, ఉన్న చేపలన్నిటినీ ఒక్క రాత్రిలో ప్రభువు దగ్గరికి పంపేసింది. తప్పు పొరుగింటి వాళ్ల కళ్ల మీదికి నెట్టింది. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లకు మతం అడ్డం రాదు.

నల్లచేపను పళ్లెంలో పెట్టి పద్ధతి ప్రకారం చూశాను. చర్మం మీద చేప పేను లేదు. పొలుసుల కింద సూదిపురుగు లేదు. రెక్కలు చీకిపోలేదు, ఒంటి మీద తెల్ల మచ్చల్లేవు. మొప్ప ముక్క కోసి గాజు పలక మీద పెట్టి చూస్తే క్రిమి ఒక్కటి కనపడలేదు. కానీ మొప్పల పొరలు వాచి, అంచులు ఒకదానికొకటి అతుక్కుపోయి, మీద జిగురు దట్టంగా పేరుకుని ఉంది. చేపకు మొప్పలే ఊపిరితిత్తులు. నీళ్లలో ఏదో మంట పెట్టే పదార్థం ఉంటే వాటిని కాపాడుకోవడానికి ఒళ్లు జిగురు వదులుతుంది, ఆ జిగురే చివరికి గాలి అందకుండా చేస్తుంది. ఆ చేప నీళ్లలో ఉండి ఊపిరాడక చచ్చింది. నీళ్లలో ఏముందో నీళ్లే చెప్పాలి. రేపు పొద్దున్నే నీళ్లూ, నలతగా ఉన్న చేప ఏదైనా ఉంటే అదీ పట్టుకు రమ్మని శ్రీహరిని పంపేశాను.

సాయంత్రం డిప్యూటీ డైరెక్టరు మళ్లీ ఫోన్ చేశాడు. జబ్బు క్రిములు కనపడలేదు సార్, నీళ్లు చూడకుండా ఇంకేమీ చెప్పను అన్నాను.

"అంటే జబ్బు లేదు. అంతే గదా?"

"అంతే కాదు సార్," అనేలోపు లైను కట్టయింది.

మర్నాడు శుక్రవారం. నీళ్లు రాలేదు, శ్రీహరి ఫోను వచ్చింది. "జబ్బు లేదన్నారట గదా మేడం. డీడీ గారు నాన్నకి రాత్రే చెప్పారు. ఇంక నీళ్లు అక్కర్లేదన్నారు నాన్న. ప్రసన్న వాళ్ల నాన్నగారిని రమ్మన్నాం, మధ్యాహ్నం భోజనాలయ్యాక తీసుకెళ్తారు. మీకు థ్యాంక్స్ చెబుదామని."

థ్యాంక్సట! నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. క్రిమి లేదన్నాను, లేదు. ఆ నిజాన్ని సగానికి విరిచి, పదునుగా ఉన్న సగం తీసుకెళ్లి ఆ పిల్ల మెడ మీద పెట్టారు. నా పై అధికారికి వాళ్లతో ఎంత స్నేహమో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ ఫలితం చెప్పే అధికారం ప్రయోగశాలది. దాన్ని కాఫీ కబురులాగా ఫోన్లో మోసే హక్కు ఆయనకెవరిచ్చారు?

మా ఉద్యోగాల్లో ఆమోదం పొందిన టూరు లేకుండా ప్రైవేటు ఇళ్లకు వెళ్లకూడదు. టూరు మంజూరు చెయ్యాల్సింది ఆ డిప్యూటీ డైరెక్టరే. అరపూట సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి, నీటి పరీక్షల పెట్టె చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర తోపుడు బళ్ల మధ్య ఆటో ఇరుక్కుపోతే దిగి నడిచాను. జూన్ ఎండ, పెట్టె బరువు, కడుపులో కోపం. ఆ మూడింట్లో కోపమే నన్ను ఆ మెట్లెక్కించింది.

ఇల్లు విశాలంగా, శుభ్రంగా ఉంది. హాల్లో ఈశాన్య మూల అక్వేరియం, అద్దానికి పసుపు, కుంకుమ బొట్లు, పైన మల్లెపూల దండ. తలుపు పక్కన సర్ది పెట్టిన సూట్‌కేసు. సోఫా అంచు మీద ప్రసన్న తండ్రి, అవనిగడ్డ దగ్గర పల్లెలో పోస్టుమాస్టరు చేసి రిటైరైన మనిషి, ముందున్న కాఫీ ముట్టకుండా కూర్చున్నాడు. ప్రసన్న లోపల వంటింటి గడప అవతల నిలబడి ఉంది. తన సూట్‌కేసు ఉన్న హాల్లోకి రావడానికి ఆమెకు అనుమతి లేదు మరి.

అత్తగారు రాజ్యలక్ష్మి గారు తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని ఎదురొచ్చి మర్యాదగా కూర్చోమంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. నన్ను అక్వేరియం దగ్గరికి తీసుకెళ్లి, "చూడండి మేడం, ఎంత భక్తో! ప్రతి శుక్రవారం నేను కడిగి పూజ చేసేసరికి అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి హారతి తీసుకుంటాయి," అంది.

చూశాను. ఉన్న చేపలన్నీ నీటి పైపొరకు చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. అయ్యో తల్లీ, అది హారతి తీసుకోవడం కాదు. గాలి అందక పైకొచ్చి కొట్టుకోవడం. చెరువుల్లో తెల్లవారుజామున ఇలా చేపలు పైకొస్తే రైతు గుండెలు బాదుకుంటూ నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు వేస్తాడు. ఈ ఇంట్లో కర్పూరం వెలిగిస్తున్నారు.

ఎలా కడుగుతారండీ అని అడిగాను. ఆవిడ ఎంతో నిష్ఠగా చెప్పుకొచ్చింది. తెల్లారకముందే లేచి, చేపల్ని బకెట్టులోకి తీసి, అక్వేరియం మొత్తం ఖాళీ చేస్తుంది. అద్దాలు, గులకరాళ్లు పీచు పెట్టి తోముతుంది. ఫిల్టరులోని స్పాంజిని సబ్బు పెట్టి ఉతికి మేడ మీద ఎండేస్తుంది. "ఎంత జిగురండీ దానికి, అసహ్యం! దేవుడి చేపలకి మైల ఉండకూడదు గదా. నిలవ నీళ్లు కూడా పొయ్యను. కుళాయి వచ్చే వేళకి మడి కట్టుకుని, తాజా నీళ్లు బిందెలతో పట్టి పోస్తాను."

ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నారని అడిగాను. "కోడలి గృహప్రవేశం అప్పట్నుంచేనండీ. కొత్త కోడలు వస్తోంది, ఇల్లు, చేపలు అంతా శుద్ధిగా ఉండాలని సిద్ధాంతి గారు చెప్పారు. అంతకుముందు అక్వేరియం షాపతను నెలకోసారి వచ్చి డ్రమ్ములో నిలవబెట్టిన పాచి నీళ్లు పోసి, సగం మార్చి పోయేవాడు. ఆ దరిద్రం మాన్పించేశాం."

ఇంకేం కావాలి నాకు? మాఘమాసంలో ఆ ఇంట్లోకి రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి కోడలు, రెండోది శుక్రవారం కడుగుడు. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ. వీళ్లు కాకిని పట్టుకుని ఈకలు పీకుతున్నారు.

పెట్టె తెరిచి అందరి ముందూ పరీక్షలు చేశాను. వెంకటరత్నం గారు కూడా కొట్లోంచి పైకొచ్చి నిలబడ్డారు. కుళాయి నీళ్లు ఒక గాజు గొట్టంలో పట్టి, క్లోరిన్ ఉంటే పసుపు రంగుకు తిరిగే మందు చుక్కలు వేశాను. గొట్టం పసుపచ్చగా మారింది. అక్వేరియం నీళ్లలో వేస్తే అదీ మారింది. మేడ మీద ట్యాంకులో నిలవున్న నీళ్లు తెప్పించి వేశాను, మారలేదు. స్నానాల గదిలో, పొద్దున చేపల్ని ఉంచిన బకెట్టులో పాత నీళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి అమ్మోనియా పరీక్ష చేస్తే గొట్టం ఆకుపచ్చగా తిరిగింది, అంత పచ్చదనం చెడిపోయిన చెరువుల్లో కూడా నేను అరుదుగా చూశాను.

"బెజవాడంతా తాగే నీళ్లే గదా మేడం," అన్నారు వెంకటరత్నం గారు.

"మీరు తాగుతారండీ. అవి పీలుస్తాయి," అన్నాను.

ఆ తర్వాత కూర్చుని విడమరిచి చెప్పాను. మన కడుపులోకి క్రిములు పోకుండా మునిసిపాలిటీ వాళ్లు కలిపే క్లోరిన్ చేప మొప్పను కాల్చేస్తుంది. ఒకరోజు డ్రమ్ములో నిలవబెడితే అది ఎగిరిపోతుంది. షాపతను పోసినవి పాచి నీళ్లు కావు, చేపలకు పనికొచ్చేవి అవే. ఇక స్పాంజికి పట్టిన జిగురు మురికి కాదు. చేప విసర్జించే అమ్మోనియా విషం లాంటిది. ఆ జిగురులో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని తిని, చేపకు హాని లేని పదార్థంగా మారుస్తాయి. అవి పెరగడానికి వారాలు పడుతుంది. వారం వారం సబ్బుతో ఉతికి ఎండేస్తే అవెక్కడ బతుకుతాయి? పైగా చచ్చిన ప్రతి చేపకూ బదులు, షాపు నుంచి తెచ్చినదాన్ని తెచ్చినట్టు వదిలితే, అది మోసుకొచ్చే జబ్బులు వేరే. కొత్త చేపను రెండు వారాలైనా విడిగా ఉంచి చూడాలి. తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లకు కావాల్సిన చోటులో సగం కూడా ఆ అద్దాల పెట్టెలో లేదు.

పెట్టెలో హైపో పలుకులు ఉంటాయి, క్లోరిన్‌ను విరిచేస్తాయి. చిటికెడు కరిగించి పోసి, గాలి మోటారు పెంచాను. కాసేపటికి చేపలు ఒక్కొక్కటిగా పైనుంచి దిగి, మధ్య నీళ్లలో మామూలుగా తిరగసాగాయి. రాజ్యలక్ష్మి గారు అద్దానికి మొహం ఆనించి చూస్తూ ఉండిపోయింది. "అయితే నా చేతులతో నేనే..." అని ఆగిపోయింది. ఆవిడను అప్పుడు తిట్టబుద్ధి కాలేదు.

వెంకటరత్నం గారు వ్యాపారస్థుడు, బేరం కుదిర్చేశారు. "సరే మేడం. ఒక నెల మీరు చెప్పినట్టే చేద్దాం. అమ్మాయి ఇక్కడే ఉంటుంది. చేపలు బతికితే ఇంక ఆమె మాటెత్తం. చస్తే మాత్రం మీరు అడ్డు రాకూడదు." ప్రసన్న తండ్రి రెండు చేతులూ ఎత్తి నాకు నమస్కారం పెట్టాడు. ఆ నిమిషంలో నేను కూడా గెలిచామనే అనుకున్నాను.

వంటింటి గడప అవతల నుంచి ప్రసన్న మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మావయ్య గారూ, చేపలు బతికితే ఉండాలి, చస్తే వెళ్లాలి అంటున్నారు. నేనీ ఇంటికి కోడలిగా వచ్చానా అండీ, పదో చేపగా వచ్చానా?"

అని, నా వైపు తిరిగింది.

"మేడం గారూ, మీరు నాకోసం ఎండన పడి వచ్చారు, మీకు దణ్ణం. కానీ నేనీ పరీక్షకి కూర్చోనండీ. ఇంకో నెల ఆ అద్దం వంక చూసి నా బతుకు తేల్చుకోలేను."

అని గడప దాటి హాల్లోకి వచ్చింది. అక్వేరియం ముందు నుంచే నడిచింది, నీడ పడితే పడింది. సూట్‌కేసు తీసుకుని, నాన్నా పద అని, వీధి వైపు మెట్లు దిగింది. ఆ పెద్దాయన లేచి అందరికీ చెప్పి వెళ్లాలా వద్దా అని ఒక క్షణం తడబడి, కూతురి వెనకే వెళ్లాడు. శ్రీహరి గుమ్మంలో నిలబడి వాళ్లమ్మ మొహం చూశాడు. ఏం చూస్తున్నావయ్యా, మెట్లు అటున్నాయి అన్నాను. కదల్లేదు.

చేపల మీద కోపం తీర్చుకోవడం నా చదువు నేర్పలేదు కాబట్టి, చెప్పాల్సినవన్నీ చెప్పే వచ్చాను. స్పాంజిని సబ్బుతో ముట్టుకోవద్దు. మరీ పేరుకుంటే తీసేసిన పాత నీళ్లలోనే ఒకసారి పిండాలి. వారానికి మూడో వంతు నీళ్లే మార్చాలి, అవీ డ్రమ్ములో నిలవబెట్టినవి. మేత రెండు నిమిషాల్లో తినేసేటంతే వెయ్యాలి. చచ్చినదానికి బదులు తేవద్దు, ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. నేను చెప్పినవి వాళ్లు తూచా తప్పకుండా చేశారు. రాజ్యలక్ష్మి గారు మధ్యలో రెండుసార్లు ఫోన్ చేసి సందేహాలు కూడా అడిగింది. కోడలి గురించి ఒక్కసారీ అడగలేదు, నేను ఎత్తితే మాట మార్చేసింది.

వానాకాలం మొదలయ్యాక వెంకటరత్నం గారు స్వీటు ప్యాకెట్టుతో ప్రయోగశాలకే వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఒక్క చేప చావలేదు మేడం! సిద్ధాంతి గారి మాట అక్షరాలా నిజమైంది. అమ్మాయి గడప దాటిన రోజు నుంచీ ఒక్కటంటే ఒక్కటి చావలేదు."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "నీళ్లు మార్చే పద్ధతి కూడా ఆ రోజునే మారింది గదండీ!" అన్నాను.

"అదీ ఉందనుకోండి," అన్నారాయన నవ్వుతూ.

అదీ ఉందట! మీ అబ్బాయి పెళ్లిలో మీరు కూడా ఉన్నారనుకోండి అన్నట్టు. స్వీటు ప్యాకెట్టు ఆయన చేతిలోనే పెట్టి పంపించేశాను. నేను వెళ్లి బతికించిన చేపలే, ఒక్కొక్కటీ ఆ అమ్మాయి మీద సాక్ష్యం చెబుతున్నాయి. నేను వెళ్లకపోయినా ఆమె మీద నేరం పడేది, వెళ్లినందుకు ఆ నేరం రుజువైపోయింది. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, కానీ తాడిచెట్టును నరికి పారేసినా కల్లే అనేవాళ్లను అప్పుడే చూశాను. డిప్యూటీ డైరెక్టరుకు సంగతి చెబితే, "చేపలు బతికాయి గదా మేడం, మన శాఖ పని అదే," అన్నాడు. నోటి ద్వారా ఫలితాలు ఇకమీదట ఎవరికీ, ఆయనకు కూడా, ఇవ్వనని ఆ రోజే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చాలాకాలం నాతో మాట్లాడలేదు. నాకు పని బాగా సాగింది.

ఆ ఏడాది చివర్లో ప్రసన్న మా గుణదలలోనే కనిపించింది. ఆమె స్కూలు అక్కడికి దగ్గర, మా చర్చి వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుంది. కొన్నాళ్లకు శ్రీహరి కూడా తన బట్టలు సర్దుకుని అక్కడికే చేరాడని విన్నాను. ఎట్టకేలకు మెట్లు దిగాడన్నమాట. బస్‌స్టాపులో ఆమెతో నిలబడి మాట్లాడుతూ, వాళ్ల మామగారు స్వీట్లు తెచ్చిన సంగతి చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఆమె నవ్వింది.

"రెండు తెలియని రాశులకు ఒక్క సమీకరణం చాలదు మేడం. ఎనిమిదో తరగతి పిల్లలకి చెబుతాం. నేను వెళ్లిన రోజే నీళ్లు కూడా మారితే, ఏది దేనివల్లో వాళ్లకెలా తేలుతుంది?" అని, బస్సు రాగానే ఎక్కేసింది.

అది లెక్కలో నిజం. ఆమె ఉండి ఉంటే చేపల లెక్క తేలేది, కానీ ఆమె లెక్క చేపల చేతుల్లోనే మిగిలేది. వెళ్లిపోవడం ఆమె హక్కు. తప్పు ఆ లెక్క పెట్టినవాళ్లది.

పదవీ విరమణ చేశాక కూడా రంగుచేపల సందేహాలతో నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఫోన్లో మందు చెప్పను. రెండు ప్రశ్నలడుగుతాను. చేపలు చావడం మొదలైన రోజుల్లో ఇంట్లో ఇంకేం మారింది? చేపలు చస్తున్నందుకు ఇంట్లో ఎవర్ని అంటున్నారు? మొదటిదానికి అందరూ ఆలోచించి చెబుతారు, రెండోదానికి కొందరు వెంటనే ఒక పేరు చెబుతారు. పేరు చెప్పినవాళ్లకు, ఆ మనిషిని ఉన్నచోటే ఉండనిచ్చి నీళ్లు మార్చమని చెబుతాను.